ఆదివారం ఏం వండుకుంటరు?

పోయిన నెల పంజాగుట్టలోని మా ఆఫీసులో ఒక మిషన్ మాట్లాడుతుంటే విన్నాను.

మాది అద్దె ఇళ్ళు చూపించే యాప్. ఓనర్లు తమ ఇంటి ఫోటోలు అందులో పెడతారు, కావలసినవాళ్ళు వెతుక్కుంటారు. ఇకనుంచి ఆ వెతుకులాట ఫోన్లో మాటల మీదే జరగాలని, మనిషిలాగే మాట్లాడే మిషన్ ఒకటి మా ఇంజినీర్లు తయారుచేశారు. ఆ రోజు దాన్ని అందరికీ వినిపించారు. ఆడగొంతు, చక్కటి తెలుగు. మా టీంలో ఒకతను ఇల్లు కావాలని ఫోన్ చేసినట్టు నటించాడు. మిషన్ నమస్కారం చెప్పింది. ఎంతమంది ఉంటారని అడిగింది, ఏ ఏరియా కావాలని అడిగింది. ఒక్క క్షణం ఆగి, చనువుగా, "ఆదివారం ఇంట్లో ఏం వండుకుంటారండీ?" అంది.

గదిలో అందరూ నవ్వారు, నేను తప్ప.

"ఈ ప్రశ్న ఎవరు పెట్టారు?" అని అడిగాను.

"ఎవరూ పెట్టలేదు మేడం," అన్నాడు ఇంజినీరు, కాస్త గర్వంగానే. "పాత కాల్ రికార్డింగులు వినిపించాం. వాటిలోంచి అదే నేర్చుకుంది. ఈ ప్రశ్న అడిగిన కాల్స్‌లో ఓనర్లు తొందరగా ఒప్పుకున్నారు. ఎందుకో మాకూ తెలీదు."

నాకు తెలుసు. ఈ ఊళ్ళో ఆ ప్రశ్న ఒక్క మనిషిదే.

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి, మూడేళ్ళుగా చెయ్యని నంబరుకి ఫోన్ చేశాను. ఏం చెబుదామని చేశానో నాకే తెలియదు. ఒక అమ్మాయి గొంతు పలికింది. నా పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"నాన్న లేడు మేడం. పోయిన వానాకాలంల పోయిండు. బస్టాప్‌ల నిలబడ్డోడు నిలబడ్డట్టే కూలబడిండంట. గుండె."

ఆమే మళ్ళీ అంది.

"ఈ నంబర్ తీసెయ్యబుద్ధి కాలేదు మేడం. ఇల్లు కావాలని ఇంకా ఫోన్లు వస్తుంటయి. ఎవరో ఒకరు ఎత్తి లేడని చెప్పకపోతే, పాపం, ఆయన మీదనే ఆశ పెట్టుకొని ఉంటరు గదా."

ఆయన పేరు నేనిక్కడ రాయను. రాసినా అమీర్‌పేటలో చాలామందికి తెలియదు. అందరికీ ఆయన టులెట్ అన్న. నాకు అంకుల్.

నేను అమీర్‌పేటకు వచ్చింది కంప్యూటర్ కోర్సు కోసం. గుంటూరు దగ్గర చిన్న ఊరు మాది. గదికి ఆరుగురం ఉండే హాస్టల్లో ఏడాది గడిపాక ఉద్యోగం దొరికింది. తలుపు వేసుకుని ఒక్కదాన్నే పడుకోవాలి, అంతకు మించి ఆ రోజుల్లో నాకే కోరికా లేదు. కానీ పెళ్ళికాని ఆడపిల్లకు విడిగా ఇల్లిచ్చేవాళ్ళు కనపడలేదు. వారం రోజులు సందులన్నీ తిరిగి తిరిగి ఏడుపుమొహంతో వచ్చిన నన్ను చూసి మా హాస్టల్ వార్డెన్ ఒక కాగితం మీద నంబరు రాసిచ్చింది. "ఈయనకి చెప్పు. ఈయన వల్ల కాకపోతే ఇంకెవరి వల్లా కాదు," అంది.

కోచింగ్ సెంటర్ల వెనక సందులో, జిరాక్స్ షాపు పక్కన నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, చీలమండల పైకి లేచిన ప్యాంటు, కింద లేసులు బిగించి కట్టిన నల్ల బూట్లు. మే నెల. రోడ్డు మీద చెప్పులేసుకున్నవాళ్ళకే కాళ్ళు మండిపోతున్నాయి, ఈయనేమో మేజోళ్ళతో సహా వేసుకున్నాడు. నడుముకి తాళాల గుత్తి. ఒక్కో తాళానికి ఒక్కో రంగు గుడ్డపీలిక.

"పచ్చగుడ్డ అంటే మంజీర నల్లా నీళ్ళు. ఎర్రగుడ్డ అంటే ఉత్త బోరు," అన్నాడు, నేను గుత్తికేసి చూడటం చూసి. "నీకు పచ్చగుడ్డ ఇల్లే చూపిస్త బిడ్డా, ఫికర్ చెయ్యకు."

ఇల్లు చూపించే పద్ధతి ఆయనదొకటి. తాళం తియ్యగానే అందరూ గోడలు చూస్తారు, కిటికీలు తెరుస్తారు. ఆయన తిన్నగా వంటగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పేవాడు. నీళ్ళు రాకముందు గొట్టంలో వచ్చే గాలి చప్పుడును చెవి ఒగ్గి వినేవాడు. ఆ చప్పుడును బట్టి పైన ట్యాంకు ఎంత నిండిందో, ఎండాకాలం ఎన్ని రోజులు తిప్పలు పడాలో చెప్పేసేవాడు. "గోడలకు సున్నం ఎప్పుడన్న ఏస్కోవచ్చు. నీళ్ళు రాకపోతే ఏం జేస్తవ్?" ఆయన చెప్పిన ఇంట్లో ఏడేళ్ళున్నాను. నీళ్ళ విషయంలో ఆయన మాట ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు రెండో ఇంటికీ మూడో ఇంటికీ మధ్య నడుస్తుంటే అడిగాడు.

"ఆదివారం ఏం వండుకుంటరు బిడ్డా మీ ఇంట్ల?"

తిండిపుష్టి ఉన్న మనిషి కాబోలనుకున్నాను. ఇల్లు గుర్తొచ్చి, మా అమ్మ చేసే కోడికూర, గారెల గురించి ఊరిస్తూ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు. చెప్పగానే నడక వేగం పెంచాడు.

"అయితే యూసుఫ్‌గూడ పోదాం. ఓనరమ్మ మీ దిక్కామెనే. ఆమె నీసు బంద్ జేసింది, కోడికూర ముచ్చట మాత్రం చెప్పకు. పప్పు అను."

యూసుఫ్‌గూడలో ఆ ఓనరమ్మ నన్ను సోఫాలో కూర్చోబెట్టి ఇంటిపేరడిగింది. చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది. మా అమ్మమ్మగారి ఊరు కూపీ తీసి, ఏదో దూరపు చుట్టరికం కూడా కలిపింది. అంతవరకూ అడ్డుపడిన సంగతి, పెళ్ళికాని పిల్లనన్న సంగతి, ఎటుపోయిందో తెలియదు. గంటలో తాళంచెవి నా చేతిలో పడింది. ఆ రోజు దాన్ని నా అదృష్టమనుకున్నాను. కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక కూడా నేనేం చేశానో చివర్లో చెబుతాను.

ఆవిడ కాఫీ తెచ్చి, "అతన్ని కూడా లోపలికి రమ్మనమ్మా," అంది.

గుమ్మం బయట నిలబడ్డ ఆయన కాళ్ళకేసి చూపించి నవ్వాడు. "లేసులు ముడిపడ్డయమ్మా. ఇప్పుతె మళ్ళ కట్టనీకి రాదు. ఈడనే ఉంట."

తర్వాత ఎన్ని ఇళ్ళ గుమ్మాల దగ్గర ఆ మాట విన్నానో లెక్కలేదు. ఆ లేసులు ఎప్పుడు చూసినా ముడిపడే ఉండేవి. నేను ఏడిపించేదాన్ని కూడా. "అంకుల్, చెప్పులు కొనుక్కోవచ్చు కదా, ఈ బాధ ఎందుకు?" అంటే, "బూట్లుంటే ఇజ్జత్ ఉంటది," అని కొట్టిపారేసేవాడు.

నా గది మూడో అంతస్తులో. బాల్కనీలోంచి చూస్తే ఎదురింటి గేటు కనిపిస్తుంది. ఒక సాయంత్రం ఆ గేటుకి టులెట్ బోర్డు వేలాడుతోంది. అంకుల్ ఒక జంటను తీసుకొచ్చాడు. ఇద్దరూ చిన్నవాళ్ళే, ఆమె చంకలో పసిపిల్ల. వాళ్ళని గేటు దగ్గరే ఉంచి ఆయనొక్కడే పైకి వెళ్ళాడు. ఎప్పుడూ అంతే, ముందు ఒక్కడే వెళ్ళి మాట్లాడేవాడు. పది నిమిషాలకి దిగి వచ్చాడు.

"అయ్యో తమ్మీ, జర లేటయింది. పొద్దుగాలనే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయిండ్రంట."

ఆ అబ్బాయి తలెత్తి బోర్డుకేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

అంకుల్ కూడా చూశాడు. "గీ పెద్దమనుషులకు బోర్డు తియ్యాలన్న సోయి సుత ఉండదు," అని విసుక్కుంటూ బోర్డు ఊడదీసి చంకసంచిలో పెట్టుకున్నాడు. ముగ్గురూ మాట్లాడుకుంటూ సందు చివరికి వెళ్ళారు. పసిపిల్ల బుగ్గ గిల్లి, వాళ్ళని ఆటో ఎక్కించాడు. ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, మెల్లగా వెనక్కి వచ్చి, సంచిలోంచి బోర్డు తీసి మళ్ళీ గేటుకి తగిలించాడు. తగిలించాక తల ఎత్తితే బాల్కనీలో నేను.

కిందికి దిగి వెళ్ళాను. "నిజం చెప్పొచ్చు కదా అంకుల్ వాళ్ళకి?"

"ఏం నిజం?"

"అడ్వాన్స్ ఎవరూ ఇవ్వలేదని. వాళ్ళు ఎవరో తెలిసి వద్దన్నారని."

ఆయన తాళాల గుత్తి సర్దుకున్నాడు. "చెప్తే ఏమైతది బిడ్డా? వాళ్ళకు తెల్వదా? మస్తు తెలుసు. కాని రేపు పొద్దుగాల ఇంకో ఇంటి మెట్లు ఎక్కాలె గదా. నా నోటితోటి సుత అదే మాట ఇంటే ఎట్ల ఎక్కుతరు?"

అప్పుడు అర్థమైంది ఆదివారం ప్రశ్న సంగతి. ముఖం మీద కులం అడగలేక ఆయన కనిపెట్టుకున్న దొడ్డిదారి అది. ఓనర్లు ఎలాగూ అడుగుతారు, వాళ్ళ నోట వినిపించకుండా ముందే తెలుసుకుంటే ఏ గడపకు తీసుకెళ్ళాలో, ఏ గడప తప్పించాలో ఆయన చూసుకుంటాడు. చాలా ఏళ్ళు దాన్ని దయ అనుకున్నాను. దయే. కానీ ఎవరికి ఏ వీధిలో చోటుందో ఆ దయే విడదీసి పెట్టేది. ఆయనకూ ఆ సంగతి తెలుసనుకుంటాను. "నేను మంచి పని చేస్తలేను బిడ్డా. చెడ్డ పని మెత్తగ చేస్తున్న," అన్నాడొకసారి చాయ్ తాగుతూ.

ఇంత చూసినా ఆ మనిషికి నిరాశ లేదు, అదే నాకు ఆశ్చర్యం. కొత్త మిషన్ ఏదొచ్చినా పండగలా ఉండేది ఆయనకు. ఫోన్లో ఫోటోలు తియ్యడం రాగానే ఇళ్ళ కొళాయిలన్నీ ఫోటోలు తీశాడు. మెట్రో స్తంభాలు లేచినన్నాళ్ళూ దుమ్ములో, ట్రాఫిక్‌లో అందరం తిట్టుకుంటుంటే, ఆయన మాత్రం ఏ స్తంభం ఎంత లేచిందో రోజూ చెప్పేవాడు. మెట్రో మొదలైన వారంలోనే, ఆదివారం అమీర్‌పేట స్టేషన్లో కనిపించాడు. ఎక్కడికని అడిగితే, "ఏడికీ లేదు. పోతున్న, వస్తున్న," అన్నాడు. నన్నూ ఎక్కించాడు.

పక్కపక్కన కూర్చున్నాం. ఆయనకు అటుపక్క పట్టుచీరలో ఒక పెద్దావిడ, మెడలో లావుపాటి గొలుసు. రైలు కదలగానే ఆయన నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు.

"చూసినవా? ఆమె అడగలె. నేను చెప్పలె."

"ఏంటంకుల్?"

"మా ఊరికి బస్సొచ్చిన కొత్తల మా నాయినమ్మ సీటు ఖాళీగున్నా కూసోకపోయేది. ఎవరూ వద్దనలె. డ్రైవర్ సుత కూసోమ్మా అన్నడు. ఆమెనే కింద, కాళ్ళ దగ్గర కూసునేది. సీట్ల కూసోనీకి ఆమెకు పదేండ్లు పట్టింది. కూసున్న రోజు ఇంటికొచ్చి ఏడ్చింది." కిటికీలోంచి కింద ట్రాఫిక్ చూపించాడు. "మిషన్ ముందుగాల వస్తది బిడ్డా. మనిషి ఎనకనుంచి వస్తడు. జర టైం పడతది, గంతే. నా బిడ్డ నర్సింగ్ చదువుతున్నది. ఆమె బిడ్డ టైంకు గీ ముచ్చటే ఉండదు, రాసిస్త."

నా కళ్ళు ఆయన బూట్ల మీదికి పోయాయి. ఆ రోజు తెలిసింది లేసులు ఎందుకు ముడిపడతాయో. లోపలికి వెళ్ళాక ఎవరో ఒకరు ఆరా తీస్తారు, మొహాలు మారతాయి. అసలు వెళ్ళకపోతే మారవు. ఇన్నేళ్ళూ ఏ ఓనరింటి హాల్లోకీ అడుగుపెట్టకుండా వందల ఇళ్ళు నిలబెట్టాడు ఆయన.

నేను ఈ యాప్ కంపెనీలో చేరాక, బ్రోకర్లకు తెలిసిన విషయాలన్నీ మిషన్‌కి నేర్పాలన్నాడు మా బాస్. నేను అంకుల్‌నే తీసుకొచ్చాను. ఆయన బతుకుతెరువు మీదికి తెచ్చే పని అది. ఆ సంగతి చెప్పాను కూడా. ఆయన నవ్వేశాడు. "ముసలోన్నయిన. మెట్లు ఎక్కుతె ఆయాసం వస్తున్నది. నేను చెయ్యలేనిది మిషన్ చేస్తె మంచిదే గదా." ఇస్త్రీ చొక్కా వేసుకుని పంజాగుట్ట ఆఫీసుకు వచ్చాడు. ఏసీ గదిలో బూట్లతోనే నడిచి, గుండ్రటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన ఒకరి గదిలో అలా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. కొళాయి చప్పుడు గురించి చెప్పాడు, ఎండాకాలం బోర్ల గురించి చెప్పాడు. అందరూ రాసుకున్నారు.

"ఓనర్లు ఎందుకు వద్దంటారు అంకుల్, ఎక్కువగా?" అని అడిగింది ఒకమ్మాయి.

ఆయన నాకేసి చూశాడు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు. బోర్డు సంచిలో పెట్టుకోవడం కూడా చెప్పాడు. చివర్లో లేచి నిలబడి దండం పెట్టి, "గిదొక్కటి మీ మిషన్ల పెట్టకుండ్రి. మిషన్‌కు తెల్వదు గదా గీ ముచ్చట. తెల్వకుండనే ఉండనీయిండ్రి," అన్నాడు.

"పెట్టం అంకుల్," అన్నాను నేను. అందరి ముందూ అన్నాను.

ఆరు నెలల పాటు ఆయన తన కాల్స్ రికార్డు చేసి మాకు పంపాడు, మిషన్ మంచీ మర్యాదా నేర్చుకుంటుందని.

తర్వాత ఓనర్ల ఫిర్యాదులు మొదలయ్యాయి. మాకు ఎవరో తెలియకుండా ఎవరినిబడితే వాళ్ళని పంపుతున్నారంటూ యాప్‌లోంచి ఇళ్ళు తీసేసుకోవడం మొదలుపెట్టారు. బాస్ రోజూ మీటింగ్ పెట్టాడు. ఆఖరికి 'ఓనర్ ఇష్టాలు' అని ఒక గడి పెట్టాం. కులమని పేరు పెట్టి అడగదు. అద్దెకొచ్చేవాళ్ళ తిండి, ఊరు, ఇంటిపేరు, అంతే. నింపకపోయినా ఫరవాలేదు. ఆ స్క్రీన్ గీసింది నేనే. ఓనరు కాదనుకున్నవాళ్ళకి వెళ్ళే సందేశం కూడా నేనే రాశాను: 'క్షమించండి, ఈ ఇంటికి ఇప్పుడే అడ్వాన్స్ వచ్చింది.' మర్యాదగా ఉంటుందని రాశాను. మిషన్ బోర్డు ఊడదీసి సంచిలో పెట్టుకోనవసరం లేదు, ఆ ఇల్లు వాళ్ళకిక కనపడదు.

ఆయనకు ఈ సంగతి నేను చెప్పలేదు. ఆయనే తెలుసుకున్నాడు.

కూతురికి పంజాగుట్టలోనే పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది, అల్లుడు ల్యాబ్ టెక్నీషియన్. నెల తప్పింది. ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో రెండు గదుల ఇల్లు కావాలి. ఒక మధ్యాహ్నం మా ఆఫీసు కింద చాయ్ బండి దగ్గరికి వచ్చి ఫోన్ చేశాడు. దిగి వెళ్ళాను. ముఖం పీక్కుపోయి ఉంది.

"నాకు తెలిసిన ఓనర్లందరూ నన్ను ఎరుగుదురు బిడ్డా. నన్నే ఎరుగుదురు, నేనెవరో ఎరగరు. ఇప్పుడు బిడ్డ పేరు, అల్లుని ఇంటిపేరు చెప్పాలె గదా." చాయ్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "సరే, మిషన్ ఉన్నది గదా అని మీ యాప్‌ల పెట్టిన. మంచిగ జవాబిచ్చింది. అన్నిటికీ అడ్వాన్స్ వచ్చిందన్నది."

నేను తల దించుకున్నాను.

"నిన్ను అంటలేను," అన్నాడు. అని, ఆగి, ఇన్నేళ్ళలో మొదటిసారి నన్నొకటి అడిగాడు. "నీ ఫ్లాట్ ఖాళీ అయిందంట. ఇచ్చేదుంటే ఇయ్యి. లేకుంటే లేదు. ఏమనుకోను."

పెళ్ళయ్యాక మేం అమీర్‌పేటలో రెండో ఫ్లాట్ కొన్నాం. మేముండే ఫ్లాట్‌కి రెండు వీధుల అవతల. అది నిజంగానే ఖాళీగా ఉంది. "తప్పకుండా అంకుల్. ఇంట్లో ఒక్కమాట చెప్పి తాళం ఇస్తాను," అన్నాను.

ఇంట్లో చెప్పాను. మా అత్తగారు చెడ్డమనిషి కాదు. పనమ్మాయికి జ్వరమొస్తే తనే కాఫీ పెట్టి ఇస్తుంది. "మంచివాళ్ళేనమ్మా, నేను కాదనను. కానీ రేపు మనం ఆ ఇంట్లో ఉండాలనుకుంటే? మన చుట్టాలొస్తే ఏం చెబుతాం?" అంది. మా ఆయన టీవీ ముందు నుంచి లేవకుండా, "ఎందుకొచ్చిన గొడవ. ఏదో ఒకటి చెప్పెయ్యి," అన్నాడు. నేను గట్టిగా ఒక్క మాట అనాల్సింది. ఇల్లు నా పేరు మీదే ఉంది. అనలేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ రెండు రోజులూ ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను.

మూడో రోజు పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. నాకోసమే నిలబడ్డాడేమో తెలియదు. నేను నోరు తెరవబోయాను. ఆయన చెయ్యి అడ్డంపెట్టి, నవ్వు మొహంతో తనే అనేశాడు.

"అడ్వాన్స్ వచ్చిందంట గదా బిడ్డా నీ ఫ్లాట్‌కు? వాచ్‌మన్ చెప్పిండు."

ఏ అడ్వాన్సూ రాలేదు. ఏ వాచ్‌మనూ చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

తల ఊపాను.

"మంచి పార్టీయేనా?"

"ఆ, అంకుల్."

"సంతోషం. నీళ్ళు మంచిగొస్తయి ఆ ఇంట్ల," అన్నాడు. అని మెట్లు దిగి జనంలో కలిసిపోయాడు. నేనాయన్ని చూడటం అదే ఆఖరు.

మొన్న ఆదివారం వాళ్ళమ్మాయి ఇంటికి వెళ్ళాను. మియాపూర్ దాకా మెట్రో, అక్కడినుంచి పటాన్‌చెరు దాటేదాకా రెండు బస్సులు. రోజూ ఈ దూరం వెళ్ళి వస్తుందామె, నిండునెలల్లో కూడా వెళ్ళి వచ్చింది. దారి పొడుగునా అద్దాల మేడలు కట్టేస్తున్నారు. మెట్రోలో నా పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకు తెలియదు. మిషన్ ముందు వస్తుంది, మనిషి వెనకనుంచి వస్తాడు అన్నాడాయన. మనిషి వెనకనుంచి రావడం నిజమే. వచ్చి, మిషన్‌ని కూడా తన దారిలోకి లాక్కున్నాడు. లాక్కున్నవాళ్ళలో నేనొకదాన్ని. ఆయనది పిచ్చి నమ్మకమని చెప్పడానికైనా నాకు నోరు లేదు.

ఇనపరేకుల కప్పు కింద రెండు గదులు. గోడ మీద ఆయన ఫోటో. రెండేళ్ళ పాప నేల మీద కూర్చుని గిన్నెలతో ఆడుకుంటోంది. పాప తల్లికి వాళ్ళ నాన్న నుదురే, ఆ మాటతీరే. కుర్చీ తుడిచి వేసింది. చాయ్ పెట్టింది.

"నాన్న మీ ముచ్చట మస్తు చెప్పేటోడు మేడం. పంజాగుట్టల నాకింకో బిడ్డ ఉన్నదనేటోడు."

పాపని ఒళ్ళోకి తీసుకున్నాను. ఆమె చీరకొంగు వేలికి చుట్టుకుంటూ ఏదో చెప్పాలని తటపటాయించింది.

"మీరు ఎప్పుడన్న కలిస్తె ఒక మాట చెప్పాలని ఉండె మేడం. మీ ఫ్లాట్ మాకోసమే ఆపి పెట్టిండ్రంట గదా. ఇంట్ల అందరూ వద్దంటున్నా, మీ అత్తగారితోటి సుత మాటలు పడి నిలబడ్డరంట. మా ఆయన ఊర్ల పని ఉండి మేమే లేట్ చేసినం. గంత తొందరున్నదని మాకు తెల్వదు. నాన్న మమ్మల్ని మస్తు కోపం చేసిండు. ఆమె మాట నిలబెట్టుకున్నది, మీరు పోగొట్టిండ్రు అని ఆ రోజు అన్నం సుత తినలె." ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. "తప్పు మాదే మేడం. ఏమనుకోకుండ్రి."

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన కూతురి దగ్గర కూడా నన్ను కాపాడి వెళ్ళాడని, అందుకోసం తన పిల్లల మీదే తప్పు వేశాడని. చెబితే చచ్చిపోయిన మనిషి మాట అబద్ధమవుతుంది కదా అనిపించింది. అలా అనిపించడం ఎంత సుఖంగా ఉందో కూడా తెలుస్తూనే ఉంది. పాప నా చేతి గాజులు తిప్పుతోంది. ఆ అమ్మాయి నేనేమంటానో అని భయంగా నాకేసి చూస్తోంది.

"పర్లేదమ్మా," అన్నాను.